పుర్రె ఎముకలలో సాధు కంతులు: వాటి శస్త్రచికిత్స

కంతి అనే మాట చెవిని పడగానే మన ఇండ్లలో రెండు విధాల ప్రవర్తన కనబడుతుంది. కొందరు దానిని రాచపుండుగానే భావించి, వైద్యుడు నోరు విప్పక ముందే ఆశ వదులుకుంటారు. మరి కొందరు, 'నొప్పి లేదు, మంట లేదు, దానిపాటికది ఉన్నది' అని ఏండ్ల తరబడి ఊరుకుంటారు. తలపైన గాని, నుదుటిపైన గాని, కణతపైన గాని రాయివలె గట్టిగా చేతికి తగిలే కంతి విషయంలో ఈ రెండు ప్రవర్తనలూ తగినవి కావు. అట్టి కంతులలో చాలవరకు ప్రాణాలు తీసేవి కావు. అయితే వాటిలో కొన్ని కంటిచూపును హరిస్తాయి. కొన్ని ముఖం రూపును మార్చివేస్తాయి. మరి కొన్ని జీవితాంతం ఉన్నా ఏ హానీ చేయవు. వీటిలో దేనిని మొదలంటా తీసివేయాలి, దేనిని కొంతవరకే తీయాలి, దేని జోలికి పోరాదు అనే విచక్షణను వైద్యశాస్త్రం ఎట్లా సంపాదించినదో, ఆ విచక్షణ వల్ల రోగికి కలిగే మేలు ఏమిటో ఈ ప్రసంగంలో మనవి చేస్తాము.

కంతులలో రెండు జాతులున్నవని శ్రోతలలో చాలమందికి తెలిసే ఉంటుంది. ఒక జాతి కంతి చుట్టుప్రక్కల కండలలోనికి, ఎముకలలోనికి వేళ్లు తన్నుకొని పోతుంది. దాని కణాలు నెత్తుటిలో కలిసి ఊపిరితిత్తులకో, కాలేయానికో చేరి అక్కడ మళ్లీ మొలకెత్తుతాయి. క్యాన్సరు అనేది దీనినే. రెండవ జాతి కంతి పుట్టినచోటనే ఉండి మెల్లమెల్లగా పెరుగుతుంది. మరొక చోటికి వలస పోదు. ఇంగ్లీషు వైద్యులు దీనిని 'బినైన్' అంటారు. తెలుగులో నిరపాయకరమైన కంతి అని వ్రాయడం వాడుక అయినది. ఈ మాట కొంత మోసపుచ్చుతుంది. అపాయం బొత్తిగా లేదని దాని అర్థం కాదు. 'సాధు కంతి' అంటే నిజానికి దగ్గరగా ఉంటుంది. ఆవు సాధు జంతువే. పచ్చికబయలులో అది ఎంత దూరం తిరిగినా ఎవరికీ బాధ లేదు. అదే ఆవు ఇరుకు సందులో అడ్డంగా నిలిస్తే రాకపోకలు ఆగిపోతాయి. పుర్రె ఎముకలలోని సాధు కంతుల విషయమూ అట్టిదే. కంతి ఎట్టిదన్నది ఎంత ముఖ్యమో, అది ఎక్కడ నిలిచినదన్నది అంతకంటె ముఖ్యం.

ఈ మాట స్పష్టం కావాలంటే పుర్రె నిర్మాణాన్ని గూర్చి నాలుగు మాటలు చెప్పుకోవాలి. చెవిలోని చిన్న ఎముకలను విడిచిపెడితే పుర్రెలో 22 ఎముకలున్నవి. మెదడును కాపాడే పెట్టె 8 ఎముకలతోను, ముఖం 14 ఎముకలతోను ఏర్పడినవి. పైకప్పు ఎముక సగటున ఆరేడు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అది ఒకే దిమ్మ కాదు. పైన ఒక గట్టి పలక, లోపల మరొక గట్టి పలక, ఈ రెంటి నడుమ నెత్తురు నిండిన మజ్జతో స్పంజివంటి పొర ఉంటాయి. లోపలి పలకకు దిగువనే మెదడును కప్పిన దళసరి పొర ఉన్నది. నడినెత్తిన, ముందునుండి వెనుకకు, మెదడునుండి నెత్తుటిని తీసుకొనిపోయే పెద్ద కాలువ ఆ పొరలోనే ప్రవహిస్తుంది.

పుర్రె అడుగుభాగం ఇంతకంటె చిక్కైనది. అక్కడి ఎముకలో చిన్న చిన్న బెజ్జాలున్నవి. వాటి గుండా నాడులు, రక్తనాళాలు రాకపోకలు చేస్తాయి. చూపునిచ్చే దృష్టినాడి నాలుగైదు మిల్లీమీటర్ల వెడల్పు మాత్రమే గల ఎముక గొట్టం గుండా కంటినుండి మెదడుకు పోతుంది. నుదుటి ఎముకలోను, ముక్కుకు ఇరుప్రక్కలను గాలి గదులున్నవి. సైనసులని మనం అనేది వీటినే. వీటిలో ఊరే శ్లేష్మం ముక్కులోనికి దిగే దారులు చాల సన్నవి. కాబట్టి బఠాణీగింజంత కంతి నడినెత్తిపై పుడితే దువ్వెనకు తగలడం తప్ప వేరే బాధ ఉండదు. అంత కంతియే సైనసు ద్వారం వద్ద పుడితే తలనొప్పితో మనిషి కుమిలిపోతాడు. దృష్టినాడి పోయే గొట్టం వద్ద పుడితే కన్నుకే ముప్పు రావచ్చును.

ఇక ఈ కంతులలో ముఖ్యమైన మూడు రకాలను పరిశీలిద్దాము.

మొదటిది ఆస్టియోమా. ఇది ఎముకపై ఎముకే పెరిగి ఏర్పడిన కంతి. దంతంవలె తెల్లగా, నున్నగా, మిక్కిలి గట్టిగా ఉంటుంది. నుదుటిపైనో, తలపైనో చర్మం క్రింద గుండ్రని బొడిపెగా తగులుతుంది; పై చర్మం దానికి అంటుకొనక అటూ ఇటూ కదలుతుంది. చిన్ననాడు పడినప్పుడు కట్టిన బొప్పి అట్లాగే మిగిలిపోయినదని ఇంటివారు చెప్పుకుంటూ ఉంటారు. సైనసుల లోపల కూడ ఇది పుడుతుంది. ముఖ్యంగా నుదుటి సైనసులో. అక్కడ పుట్టినది పైకి కనబడదు. వేరే కారణానికి సైనసులను సీ.టీ. స్కాను తీయించుకొన్నవారిలో నూటికి ముగ్గురి వరకు ఈ కంతి ఉన్నట్లు బయటపడుతుంది. వారిలో చాలమందికి అది ఉన్నట్లే తెలియదు. దాని పెరుగుదల ఏడాదికి సగటున ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే.

ఇట్టి కంతిని చూసి వైద్యుడు, 'దీనిని ముట్టవద్దు, ఏడాదికో, రెండేండ్లకో మరొకసారి స్కాను తీయించండి' అని చెబితే, అది చేతకానితనం కాదు, సరియైన చికిత్సయే. అది సైనసు ద్వారాన్ని మూసి శ్లేష్మాన్ని నిలువగట్టినప్పుడు, కన్నుగుడ్డును ముందుకు త్రోసినప్పుడు, వెనుక గోడను తొలుచుకొని మెదడు వైపు పోయినప్పుడు శస్త్రచికిత్స తప్పదు. వెనుక గోడ చిల్లిపడితే మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కుగుండా కారుతుంది. ఆ త్రోవనే సూక్ష్మజీవులు లోపలికి పోయి మెదడు పొరల వాపును కలిగించగలవు. పూర్వం నుదుటి సైనసులోని కంతిని తీయడానికి నుదుటి ఎముకను మూతవలె విప్పవలసి వచ్చేది. ఆ తరువాత ముక్కు రంధ్రంగుండా సన్నని దర్శినిని పంపి, లోపలనే కంతిని అరగదీసి, ముక్కలుగా బయటికి తెచ్చే పద్ధతి వ్యాపించినది. కంతి సైనసులో మరీ ప్రక్కకు, లేదా మరీ పైకి ఉన్నప్పుడు నేటికీ పాత మార్గమే శరణ్యం. నుదుటిపై పైకి కనబడే బొడిపెనైతే, జుట్టులోపల చిన్న గాటు పెట్టి, అక్కడినుండి చర్మం క్రిందుగా పోయి చెక్కివేయవచ్చును. నుదుటిపై మచ్చ మిగలదు.

ఆస్టియోమాను గూర్చి మరొక విశేషం చెప్పక తప్పదు. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఎల్డన్ గార్డ్‌నర్ అనే జన్యుశాస్త్రజ్ఞుడు 1950ల తొలి సంవత్సరాలలో ఒక కుటుంబాన్ని పరిశీలించినాడు. ఆ కుటుంబంలో అనేకులకు దవడపైన, పుర్రెపైన ఇట్టి కంతులుండేవి. చర్మం క్రింద తిత్తులుండేవి. వారి పెద్దప్రేగులో వందలాది పిలకలుండేవి. ఆ పిలకలను అట్లాగే వదలివేస్తే అవి దాదాపు తప్పకుండా క్యాన్సరుగా మారుతాయి. ఎముక కంతులు ప్రేగులోని పిలకలకంటె ముందుగానే బయటపడవచ్చును. అందుచేత ఒకే మనిషికి దవడపైన, పుర్రెపైన ఒకటికి మించి ఎముక కంతులుంటే, వైద్యుడు తలను వదలి ప్రేగులను గూర్చి, తల్లిదండ్రుల జబ్బులను గూర్చి ప్రశ్నించడం మొదలుపెడతాడు. ఇదేమి విపరీతమని విసుగుకొనరాదు. తనపాటికి తాను హాని చేయని ఆ బొడిపె లోపలి ముప్పును ముందుగా తెలిపి ప్రాణం కాపాడవచ్చును.

రెండవ రకం హేమాంజియోమా. ఇది ఎముక లోపలి స్పంజి పొరలో రక్తనాళాలు చిక్కుపడి పెరిగినందువల్ల ఏర్పడుతుంది. లండన్ వైద్యుడు జోసెఫ్ టాయిన్‌బీ 1845లో దీనిని వర్ణించినాడు. ఎముకలలో పుట్టే కంతులన్నిటిలోను ఈ రకం నూటికి ఒకటికి మించదు. అందులోను ఎక్కువ భాగం వెన్నుపూసలలో కనబడుతుంది. ఆ తరువాతి స్థానం పుర్రెది. పురుషులలో కంటె స్త్రీలలో, ముఖ్యంగా నడివయస్సువారిలో, హెచ్చు. ఎక్స్‌రేలో ఇది ప్రత్యేకమైన రూపంతో కనబడుతుంది. బండి చక్రంలో కుండనుండి ఆకులు నలుదిక్కులకు వ్యాపించినట్లు ఎముక పుల్లలు మధ్యనుండి అంచులకు వ్యాపించి ఉంటాయి. లేదా తేనెపట్టువలె గదులు గదులుగా ఉంటుంది.

దీనిని తీయదలచినప్పుడు గీరి తీయడం, ముక్కలుగా తీయడం పనికిరాదు. కంతిలోనికి పనిముట్టు దిగినదంటే నెత్తురు ధారలు కడుతుంది. మిగిలిన భాగం మళ్లీ పెరుగుతుంది. కాబట్టి కంతి చుట్టూ కొద్దిగా మంచి ఎముకను కూడ కలుపుకొని, గుండ్రంగా కోసి, బిళ్లవలె ఒకే ముక్కగా ఎత్తివేస్తారు. అట్లా పూర్తిగా తీసినవారిలో అది తిరిగి రావడం అరుదు. ఇచ్చట సగం పని చేయడంకంటె చేయకపోవడమే మేలు.

నెత్తుటిని అదుపులో పెట్టడం ఎట్లాగో తెలిసిన పిదపనే పుర్రెపై ఇట్టి శస్త్రచికిత్సలకు ధైర్యం వచ్చినది. ఎముక నెత్తుటిని దారంతో ముడివేసి ఆపడం సాధ్యం కాదు. ఇంగ్లండులో విక్టర్ హార్స్‌లీ 1892లో తేనె మైనం, బాదం నూనె, సాలిసిలిక్ ఆమ్లం కలిపిన ముద్దను ఎముక రంధ్రాలలో అదిమి నెత్తుటిని ఆపే ఉపాయాన్ని ప్రకటించినాడు. ఎముక మైనం పేరుతో దాని రూపాంతరాలు నేటికీ శస్త్రశాలలలో ఉన్నవి. కష్టమైన కాన్పులలో కటి ఎముకను కోయడానికి ఇటలీ వైద్యుడు లియొనార్డో జిగ్లీ 1894లో తయారుచేసిన తీగ రంపం 1897 ప్రాంతంలో పుర్రెపైకి వచ్చినది. అమెరికాలో హార్వే కుషింగ్ వద్ద ఒక రోగి తలపై నెత్తుటి నాళాలు దట్టంగా అల్లుకున్న కంతి ఉండేది. ఆయన ఒకసారి ప్రయత్నించి, నెత్తురు ఆగక, పని మధ్యలోనే విరమించవలసి వచ్చినది. 1926 అక్టోబరు 1వ తేదీన విలియం బోవీ అనే భౌతికశాస్త్రజ్ఞుడు నిర్మించిన విద్యుత్ పరికరం సాయంతో, కోస్తూనే నాళాలను కాల్చి మూస్తూ, ఆ కంతిని తీసివేసినాడు. ఈనాడు శస్త్రశాలలలో సామాన్యమైపోయిన విద్యుత్ కత్తికి ప్రచారం వచ్చినది ఆ రోజునుండే.

మూడవ రకాన్ని ఫైబ్రస్ డిస్‌ప్లేసియా అంటారు. కచ్చితంగా చెప్పాలంటే ఇది కంతి కాదు. కంతివలె కనబడే ఎముక లోపం. మామూలు ఎముక ఉండవలసిన చోట నారవంటి కండ, దానిలో పక్వం కాని ఎముక పుల్లలు నిండి, ఎముక ఉబ్బుతుంది. లూయీ లిక్టెన్‌స్టెయిన్ 1938లో దీనికి ఆ పేరు పెట్టినాడు. గర్భంలో పిండం ఏర్పడిన తరువాత ఒకానొక కణంలో జరిగిన జన్యు మార్పు దీనికి కారణమని 1990లలో తేలినది. కాబట్టి ఇది తల్లిదండ్రులనుండి సంక్రమించేది కాదు. పిల్లలకు పోయేదీ కాదు. ఈ ఒక్క మాట తెలియక ఎన్ని కుటుంబాలు తమలో తాము నిందించుకుంటాయో, ఎన్ని పెండ్లి సంబంధాలు ఆగిపోతాయో ఊహించవచ్చును. తల్లి గ్రహణంనాడు చేసిన పని గాని, తినిన వస్తువు గాని దీనికి హేతువు కాదు.

ఇది సాధారణంగా బాల్యంలో మొదలై, వయస్సు వచ్చే కాలంలో పెరిగి, యౌవనం గడచిన తరువాత నెమ్మదిస్తుంది. ఒక కన్ను క్రిందికి జారినట్లు, ఒక చెంప ఉబ్బినట్లు, నుదురు ఒక ప్రక్క ముందుకు వచ్చినట్లు కనబడుతుంది. కొందరిలో చర్మంపై కాఫీ రంగు మచ్చలు, ఆడపిల్లలలో మరీ చిన్నతనంలోనే రజస్వల కావడం దీనితో కలిసి ఉంటాయి. అట్టి లక్షణాలుంటే వైద్యునికి తప్పక చెప్పాలి.

ఇట్టి ముఖాన్ని సరిదిద్దడం పూర్వం దాదాపు అసాధ్యమనుకునేవారు. ఫ్రాన్సులో పాల్ టెస్సియే అనే శస్త్రవైద్యుడు మెదడు పెట్టెను తెరచి, పైనుండి కంటి గూటిని చేరి, ముఖపు ఎముకలను కదలించి అమర్చే పద్ధతిని 1967లో రోము నగరంలో జరిగిన అంతర్జాతీయ సభలో ప్రదర్శించినాడు. ముఖ కపాల శస్త్రచికిత్స ప్రత్యేక శాఖగా నిలదొక్కుకొన్నది దానితోనే. శక్తి వచ్చిన పిదప దానిని ఎంతవరకు వాడాలన్న ప్రశ్న వచ్చినది. తైవాన్ దేశంలో చెన్, నూర్డాఫ్ అనే వైద్యులు 1990లో దీనికి ఒక క్రమమైన సమాధానం చెప్పినారు. వారు పుర్రెను, ముఖాన్ని నాలుగు మండలాలుగా విభజించినారు. నుదురు, కంటి గూడు, చెంప పైభాగం మొదటి మండలం; ఇచ్చట చెడిన ఎముకను పూర్తిగా తీసి కొత్త ఎముకను అమర్చవచ్చును. జుట్టు కప్పిన తలభాగం రెండవది. అది కనబడదు గనుక తొందర లేదు. పుర్రె అడుగు మధ్యభాగం మూడవది. నాడులన్నీ అక్కడనే ఉన్నవి గనుక వీలైనంతవరకు ముట్టరాదు. పళ్లు మొలిచే దవడలు నాలుగవది; పళ్లు పోగొట్టకుండ పైపైన చెక్కి ఆకారం దిద్దితే చాలును. ఒకే జబ్బుకు, ఒకే మనిషి పుర్రెలో, స్థలాన్ని బట్టి నాలుగు రకాల తీర్పు. ప్రసంగారంభంలో మేము చెప్పిన మాటకు ఇంతకంటె మంచి నిదర్శనం లేదు.

దృష్టినాడి విషయంలో ఈ విచక్షణ మరింత సూక్ష్మమైనది. ఉబ్బిన ఎముక ఆ నాడి చుట్టూ బిగిసినట్లు స్కానులో కనబడితే, చూపు చెడకముందే ఎముకను తొలిచి నాడికి చోటు చేయడం మంచిదని పూర్వం చాలమంది తలచేవారు. వినడానికి న్యాయంగానే ఉన్నది. కాని గొట్టం సన్నబడినా చాలమందిలో చూపు చక్కగానే నిలిచి ఉన్నదని అమెరికాలో జరిగిన ఒక పరిశీలన 2002లో వెల్లడించినది. ఆ తొలిచే పనిలోనే నాడికి దెబ్బ తగిలి చూపు పోయే అవకాశమున్నది. కావున చూపు బాగున్నవారిలో ముందుజాగ్రత్త పేరిట ఆ శస్త్రచికిత్స చేయరాదని, ఏటేటా కంటి పరీక్షలు చేయిస్తూ ఉండాలని నేటి అభిప్రాయం. చూపు హఠాత్తుగా తగ్గితే మాత్రం ఒక్క రోజు కూడ ఆగరాదు. కిరణ చికిత్స కూడ ఈ జబ్బుకు పనికిరాదు. దానివల్ల సాధువైన ఎముక క్యాన్సరుగా మారిన సందర్భాలున్నవి.

ఇక పరీక్షలు, శస్త్రచికిత్స జరిగే తీరు. ఎక్స్‌రే కిరణాలను రోంట్‌గెన్ 1895లో కనుగొన్నాడు. కాని పుర్రెలోని ఎముకలన్నీ ఒకదానిపై ఒకటి పడి ఆ చిత్రం గందరగోళంగా ఉంటుంది. లండన్ సమీపాన వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో 1971 అక్టోబరు 1వ తేదీన గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్ నిర్మించిన యంత్రంతో మొట్టమొదటిసారిగా ఒక రోగి తలను పొరలు పొరలుగా చిత్రించినారు. అదే సీ.టీ. స్కాను. కాబేజీని అడ్డంగా తరిగి చూసినట్లు పుర్రెను మిల్లీమీటరు చొప్పున చూడడం దానితో సాధ్యమైనది. ఎముక వివరాలకు సీ.టీ., మెదడు, నాడుల వివరాలకు ఎం.ఆర్.ఐ. అవసరం. పైకి ఎముక కంతివలె కనబడినది, నిజానికి మెదడు పొరలో పుట్టిన కంతి ఎముకను ఉబ్బించినందువల్ల కలిగినది కావచ్చును. పెద్దవయస్సువారిలో మరొకచోటి క్యాన్సరు పుర్రెకు చేరినదీ కావచ్చును. స్కానుతో నిశ్చయం కానప్పుడు చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని క్రింద పరీక్షిస్తారు.

శస్త్రచికిత్స నిశ్చయమైన పిదప రోగికి పూర్తి మత్తు ఇస్తారు. పెద్ద కంతి అయితే ఒక చెవినుండి మరొక చెవి వరకు, నడితలమీదుగా, జుట్టులోపలనే గాటు పెట్టి చర్మాన్ని ముందుకు మడుస్తారు. గాయం మానిన తరువాత జుట్టు ఆ గీతను కప్పివేస్తుంది. నిమిషానికి 70,000 చుట్ల వరకు తిరిగే బరమాతో ఎముకలో రంధ్రాలు చేసి, వాటిని కలుపుతూ కోస్తారు. బరమా రాపిడికి ఎముక వేడెక్కుతుంది. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలితే ఎముక చచ్చిపోతుంది గనుక ఉప్పునీటిని ఎడతెగక చిలకరిస్తూ ఉంటారు. నడినెత్తి వద్ద పని అయితే, క్రింది నెత్తుటి కాలువకు చిల్లి పడకుండ, దానిలోనికి గాలి పోకుండ మత్తు వైద్యుడు, శస్త్రవైద్యుడు ఇద్దరూ కాచుకొని ఉంటారు. కావలసిన గ్రూపు నెత్తురును ముందుగానే సిద్ధపరుస్తారు. బంధువులను రక్తదానం చేయమని అడిగేది ఇందుకే, దానికి భయపడనక్కరలేదు.

ఎముకను తీసిన చోట పెద్ద ఖాళీ ఏర్పడితే దానిని పూడ్చాలి; లేకుంటే దెబ్బ తగిలినప్పుడు మెదడుకు రక్షణ ఉండదు. ఈ ఆలోచన చాల పాతది. రష్యా దేశపు ప్రభువు ఒకనికి కుక్క పుర్రె ముక్కను అతికిన వృత్తాంతాన్ని హాలండు వైద్యుడు వాన్ మీకెరెన్ 1668లో వెలువడిన గ్రంథంలో వ్రాసినాడు. నేడు అట్టి విడ్డూరాలు అక్కరలేదు. రోగి పుర్రెనుండే మరొకచోట ఒక ముక్క తీసి, పైపలకను, లోపలిపలకను రెండుగా చీల్చి, ఒకటి తీసినచోటనే పెట్టి, రెండవదానితో ఖాళీని కప్పవచ్చును. ఇది సొంత ఎముక గనుక అతుక్కొంటుంది. 1940లనుండి వాడుకలోనికి వచ్చిన అక్రిలిక్ ముద్ద, ఆ తరువాత వచ్చిన టైటానియం లోహపు జల్లెడ కూడ మంచివే. ఇప్పుడు స్కాను కొలతలనుబట్టి, సరిగ్గా ఆ రోగి తలకు సరిపోయే పలకను ముందుగానే తయారుచేయించి అమర్చడం కూడ జరుగుతున్నది.

మనదేశంలో ఈ విద్య పాదుకొన్నది స్వాతంత్ర్యం వచ్చిన పిదపనే. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో జేకబ్ చాందీ 1949లో మెదడు శస్త్రచికిత్స విభాగాన్ని ప్రారంభించినారు. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో బి. రామమూర్తి 1950లో ఆ పని మొదలుపెట్టినారు. మద్రాసు నగరం అప్పుడు ఆంధ్రులకు కూడ రాజధానియే. నేడు తెలుగు రాష్ట్రాలలోని పెద్ద నగరాలలో మెదడు శస్త్రవైద్యులు, చెవి ముక్కు గొంతు వైద్యులు, ముఖ శస్త్రవైద్యులు ఒకే చోట దొరికే ఆసుపత్రులున్నవి. ఇట్టి కంతులకు ముగ్గురూ కూర్చొని ఆలోచించడం అవసరం గనుక, అట్టి ఆసుపత్రికి పోవడమే మంచిది.

ఇక గృహస్థులు గుర్తుంచుకోవలసిన సంగతులు కొన్ని ఉన్నవి. తలపై గట్టి బొడిపె కనబడితే వాతలు పెట్టించరాదు, పసరు కట్టరాదు, గట్టిగా మర్దన చేయరాదు. ఎముకలోని కంతిని వాత కరిగించలేదు. పైన పుండు మాత్రం పడుతుంది. తరువాత శస్త్రవైద్యుడు గాటు పెట్టవలసినది ఆ చెడిన చర్మంపైననే. పసిబిడ్డలకు ముక్కు మొదట, కనుబొమల నడుమ మెత్తని ఉబ్బు ఉండి, ఏడ్చినప్పుడు పెద్దదైతే దానిని సూదితో పొడవరాదు. అది ఎముకలోని సందుగుండా బయటికి వచ్చిన మెదడు పొర కావచ్చును.

నొప్పి లేదు, ఏండ్లనుండి మారలేదు అనుకొన్న బొడిపెకు తొందర అక్కరలేదు. కాని ఒకసారి చూపించి, దాని కొలతను వ్రాయించి ఉంచుకోవాలి. ఒక కన్ను ముందుకు వచ్చినా, వస్తువులు రెండుగా కనబడినా, చూపు మసకబారినా, ముక్కునుండి ఒకే ప్రక్క తేటనీరు కారుతున్నా, వినికిడి తగ్గినా, బొడిపె నెలలలోనే పెరిగినా, రాత్రివేళ నొప్పితో నిద్ర పట్టకపోయినా ఆలస్యం చేయరాదు.

శస్త్రచికిత్స చేయించుకోమని వైద్యుడు చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు అడగడం రోగికి గల హక్కు. ఇది ఏ రకం కంతి అని మీరు తలుస్తున్నారు? దీనిని ఇప్పుడు తీయకపోతే ఏమి జరుగుతుంది? పూర్తిగా తీస్తారా, కొంతవరకేనా, ఎందువల్ల? మంచి వైద్యుడు ఈ ప్రశ్నలకు కోపగించడు. స్కాను పటాన్ని వెలుతురుకు ఎత్తి, కంతి ఎక్కడ ఉన్నదో, దాని ప్రక్క ఏమున్నదో వేలితో చూపుతాడు. ఆ జవాబు శ్రద్ధగా విని, ఇంటికి వచ్చి, పెద్దలతో ఆలోచించి నిర్ణయించుకోవచ్చును. చూపు తగ్గుతున్నప్పుడు తప్ప, ఈ సాధు కంతులు సాధారణంగా అంతటి వ్యవధిని ఇస్తాయి. ఆ వ్యవధిని ఏండ్లకు ఏండ్లు సాగదీయకుండ వాడుకోవడమే ఇంటివారు చేయవలసిన పని.